బొటనవేలంత ఎత్తు

మార్చి 4

మనవరాలికి,

నేను క్షేమం. ఫోను చేయవచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు సగం మాటలు మింగుతావు, మిగిలిన సగం నాకు వినపడదు. ఇద్దరం కలిసి లేని సంగతులు తయారు చేస్తాం. రాసిన మాటకి అలాంటి ప్రమాదం లేదు.

ఇవాళే రాయడానికి కారణం ఉంది. నిన్న పొద్దున ఎవరో ముగ్గురు జీపులో వచ్చి, మన వంతెన స్తంభాల మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తులు వేసి వెళ్లారు. లెక్కల టీచరుగా ఇంటూ గుర్తుకి నేను భయపడకూడదు. కానీ పిల్లల తప్పు జవాబుల మీద జీవితమంతా నేను వేసింది కూడా ఆ గుర్తే. పైగా వెనక వీధి వెడల్పు చేసినప్పుడు ఆ గుర్తు పడిన ఇల్లు ఒక్కటీ మిగల్లేదు.

బస్సు కండక్టరు, అదే మన "రైట్ రైట్", నీకు గుర్తున్నాడు కదా, నా దగ్గర ఏడో తరగతి రెండుసార్లు చదివాడు. బస్సు మన గుమ్మం ముందు ఆపించి, "అమ్మగారూ, వంతెన పరీక్ష తప్పిందండోయ్!" అని కేకేశాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా నాన్న ఆ వంతెనకి సెంట్రింగు మేస్త్రీ అని నీకు చిన్నప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. కాంక్రీటు పోసే ముందు కమాను ఆకారంలో చెక్కలతో అచ్చు కట్టింది ఆయన. కాంక్రీటు గట్టిపడ్డాక అచ్చు విప్పేస్తారు, ఆ చెక్కలు ఎవరి పొయ్యిలోకో పోతాయి. "మన పని నిలిచేది కాదమ్మా, నిలబెట్టేది" అనేవాడు. శిలాఫలకం మీద ఆయన పేరు లేదు, అక్కర్లేదు కూడా. నీళ్లు తగ్గాక కమాను కిందికి వెళ్లి తలెత్తి చూస్తే, ఆయన చిత్రిక పట్టిన చెక్కల గీతలూ ముడులూ కాంక్రీటు మీద అచ్చుపడి కనిపిస్తాయి. చెక్క పోయింది, చెక్క గీత ఉంది. అంతకన్నా ఏ పేరు కావాలి?

పెద్దరోడ్డు వేరే దారిన పోయాక మనది పాతరోడ్డయింది. అయినా పాలబండ్లు, బడిబస్సు, ఆస్పత్రికి పోయేవాళ్లు, అందరికీ ఈ వంతెనే దిక్కు. ఇప్పటికీ ఒక్క బండికే దారి. ముందు హారన్ కొట్టినవాడిదే వంతెన. నా చిన్న కారు మీద ఎదురు హారన్ కొట్టి గెలిచినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఇటుకల లారీ కూడా వెనక్కి పోయింది.

నువ్వు ఉద్యోగం చేసేది వంతెనల శాఖలో కనుక అడుగుతున్నాను. ఆ గుర్తులేమిటి? రెండు వాక్యాల్లో చెప్పు. అలంకారాలు వద్దు.

అమ్మమ్మ


మార్చి 11

అమ్మమ్మా,

నమస్కారం. నువ్వు రెండు వాక్యాలే అడిగావు, నేను నాలుగు రాస్తున్నా, తిట్టకు. అవును, ఆ గుర్తులు మా శాకవే. వానలకి ముందే వంతెన ఎత్తేస్తున్నాం. ఆ పని నాకే అప్పగించారు, ఇంతమంది సీనియర్లు ఉండగా!

అమ్మకి కూడా ఇంకా చెప్పలేదు, ముందు నీకే. ముత్తాత వంతెన నా చేతుల మీదుగా ఎత్తడమంటే ఏమిటో నీకు తప్ప ఎవరికి అర్దమవుతుంది? గర్వపడతావని తెలుసు. పైనుంచి ప్రకటన వచ్చేదాకా ఊళ్లో ఎవరికీ చెప్పకు. దారి మూస్తామని తెలిస్తే ఇప్పటినుంచే గోల మొదలు పెడతారు.

సైటు ఆఫీసులో నిలబడి రాస్తున్నా, కుర్చీ మా సార్ పట్టుకుపోయాడు. మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ ఇంజినీరు


మార్చి 17

మనవరాలికి,

నీ ఉత్తరం పదిహేనో తేదీన అందింది. అందులో తప్పులు రెండు. "శాఖ" లో ఖకి ఒత్తు లేదు. "అర్థం" లో థకి ఒత్తు లేదు. ఇంజినీరు అయినంత మాత్రాన ఒత్తులు ఎగరగొట్టే హక్కు రాదు.

విషయం అర్థమైంది. ఒత్తుతో సహా అర్థమైంది.

నువ్వు ఇప్పుడు అధికారివి. అధికారి దగ్గరికి బంధుత్వం పట్టుకుని వెళ్లి "ఇది చెయ్యి, అది మానెయ్యి" అనడం నేను నేర్చుకోని విద్య. నేను హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు మీ అమ్మకి పాసు మార్కులకి ఒకటి తక్కువైతే ఆ ఒక్కటీ వేయలేదు. కాబట్టి నిన్ను ఏమీ అడగను. నువ్వు చేయవలసింది నువ్వు చెయ్యి. నేను చేయవలసింది నేను చేస్తాను.

ఈ పని తేలేదాకా నీకు ఉత్తరాలు రాయను. అది ఇద్దరికీ మర్యాద.

మోకాలు ఉన్నచోటే ఉంది.

అమ్మమ్మ


ఏప్రిల్ 2

అమ్మమ్మా,

నీ ఉత్తరం మా ఆఫీసులో గట్టిగా చదివి వినిపించా. "నువ్వు చేయవలసింది నువ్వు చెయ్యి" దగ్గర మా సార్ కళ్లజోడు తీసి, "ఇలాంటి అమ్మమ్మ ఉంటే నేను ఈపాటికి చీఫ్ ఇంజినీరునయ్యేవాణ్ణి" అన్నాడు. నా పనికి అడ్డం రాకూడదని ఉత్తరాలు కూడా మానేస్తానన్నావు చూడు, అది నువ్వు తప్ప ఎవరూ చేయరు. నీ దీవెన అలాగే ఉంటుందని నాకు తెలుసు. పైకి కొరడా, లోపల వెన్నపూస.

నిన్న పొద్దున వేలాడే బల్ల మీద నిలబడి కమాను కడుపులోకి వెళ్లా. నువ్వు చెప్పినవన్నీ ఉన్నాయి. చెక్క గీతలు ఎంత సూటిగా ఉన్నాయంటే, కాంక్రీటుకి కూడా నార ఉంటుందేమో అనిపించింది. నడిమి కమానులో ఒకచోట కన్నులాంటి ముడి ఉంది, దాని చుట్టూ గీతలన్నీ నదిలాగా పక్కకి తిరిగాయి. చేత్తో తడిమా. ముత్తాత చెయ్యి కూడా అక్కడే పడి ఉంటుంది కదా? ఫొటోలు తీశా. మళ్లీ అంత దగ్గరగా చూసే వీలు ఉండదుగా.

యంత్రాలు వచ్చేశాయి. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. భయమో సంతోషమో తెలియదు.

నువ్వు జవాబు రాయవని తెలుసు. అయినా రాస్తున్నా.

నీ ఇంజినీరు


ఏప్రిల్ 20

అమ్మమ్మా,

మర్యాద సంగతి తర్వాత, ఈ ఉత్తరానికి జవాబు రాయి. పని ఆగిపోయింది.

మీ ఊరి నుంచి చీఫ్ ఇంజినీరుగారికి అర్జీ వచ్చిందట. "మా వంతెనను ముట్టుకోరాదు" అని. నాలుగు వందల పైచిలుకు సంతకాలట. సంతకాల కాగితాలు పైఆఫీసులోనే ఉన్నాయి, మాకు ఒక్క వాక్యం కబురు వచ్చింది, అంతే: "స్థానికుల అభ్యంతరం, పని నిలిపివేయండి." అర్జీలో ఒక్క అక్షరదోషం లేదని మాత్రం అక్కడి గుమాస్తాలు తెగ మెచ్చుకుంటున్నారట. పనీపాటా లేని తలకుమాసిన పెద్దమనిషెవరో కూర్చుని రాసి ఉంటాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నా, నువ్వే ఊళ్లో వాళ్లకి నచ్చజెప్పాలి. వంతెన మీద మనం నడిచే రోడ్డు పలక ఉంది కదా, అది కమాను మీద లేచిన స్తంభాల తలల మీద కూర్చుంటుంది. మధ్యలో ఇనుప పళ్లేలు ఉంటాయి. ఎండకి పలక సాగినప్పుడు ఆ పళ్లేల మీద కాస్త జరగాలి. అవి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. జరగలేక పలక స్తంభాలను తోస్తోంది, స్తంభాలు బీటలు వారుతున్నాయి. అందుకని ఎర్ర గుర్తులు వేసిన చోట్ల జాకీలు పెట్టి, పలక మొత్తాన్ని ఒకేసారి బొటనవేలంత ఎత్తు లేపి, పాత పళ్లేలు తీసి, రబ్బరు దిమ్మలు పెట్టి, మళ్లీ మెల్లగా దించుతాం. అదే ఎత్తడమంటే. కమానుని ఎవరూ గోటితో కూడా ముట్టుకోరు. ముత్తాత గీతలు అలాగే ఉంటాయి.

బల్లలూ గుంజలూ ఎండిన నదిలో నిలబెట్టాం. వానలొస్తే అన్నీ తీసేయాలి. ఈ ఏడు ఎత్తకపోతే బీటలు పెరుగుతాయి, వంతెన మూసేస్తారు. మూసేస్తే రెండో ఫైలు సిద్ధంగా ఉంది: కూల్చి, పక్కన చదునుగా కొత్తది కట్టడం. ఆ ఫైలుని ఓడించడానికి నేను ఎనిమిది నెలలు తిరిగా, అమ్మమ్మా. గెలిచా. ఇప్పుడు మీ ఊరే నన్ను ఓడిస్తోంది.

ఆ పెద్దమనిషి ఎవరో కాస్త కనుక్కో.

నీ ఇంజినీరు


ఏప్రిల్ 24

మనవరాలికి,

ఆ తలకుమాసిన పెద్దమనిషిని నేనే.

అర్జీ నేను రాశాను. మొదటి సంతకం నాది. మిగిలినవి రైట్ రైట్ బస్సులో తిప్పి పోగు చేశాడు. టికెట్టు చింపడం, సంతకం పెట్టించడం, "రైట్ రైట్" అనడం. మూడు రోజుల్లో పూర్తయింది. నా జీవితంలో నేను నడిపిన అన్ని పనుల్లోకీ అది పొందికైనది. అదే ఇప్పుడు బాధ.

నీ ఉత్తరం చదివి, మొదటి ఉత్తరం తీసి పక్కన పెట్టాను. "వంతెన ఎత్తేస్తున్నాం." బడి ఎత్తేశారు అంటే మూసేశారని. కొట్టు ఎత్తేశారు అంటే ఇక లేదని. కానీ పిల్లవాడు బస్తా ఎత్తేశాడు అంటే భుజానికెత్తుకున్నాడని. ఒకే మాట. నీ ఒత్తులు రెండూ పట్టుకున్నాను. ఈ మాట పట్టుకోలేదు. రాసిన మాటకి ప్రమాదం లేదని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను. రెండు వాక్యాలకి మించవద్దని నిన్ను కట్టేసింది కూడా నేనే. ఆ ఎర్ర ఇంటూలు చూసిన కళ్లకి రెండో అర్థం కనిపించలేదు.

ఈ ఆదివారం బడి హాల్లో అందరినీ పిలుస్తున్నాను. నా సంతకం నేను వెనక్కి తీసుకోగలను. మిగిలినవి వాళ్లవి. తీసుకుంటారో లేదో తెలియదు. అడుసు తొక్కాను, కాలు కడుక్కుంటాను.

గడువు ఎప్పటిదాకా ఉందో రాయి.

అమ్మమ్మ


ఏప్రిల్ 28

అమ్మమ్మా,

గడువు మే పది. ఆలోగా అర్జీ ఉపసంహరించుకుంటున్నామని సంతకాలతో రాకపోతే రెండో ఫైలు కదులుతుంది. ముందు పని మాట రాశాను. ఇప్పుడు నా మాట.

తలకుమాసిన అన్నందుకు క్షమించు. మా సార్ అది విని నవ్వి నవ్వి నీళ్లు తాగాడు. నేనూ నవ్వా. తర్వాత గదికి వచ్చాక నవ్వు రాలేదు.

ఒక మాటకి రెండు అర్థాలుంటాయి. నిజమే, నేను చూసి రాసి ఉండాల్సింది. కానీ ఆ రెండింట్లో నాకు తగిన అర్థం ఏదో నీకు తెలియలేదా? ముత్తాత వంతెనని కూల్చే పని తెచ్చుకుని, పైగా గర్వపడు అని నీకు రాస్తానా? నీ ఒళ్లో కూర్చుని ఆ వంతెన బొమ్మ గీసినదాన్ని. మొదట గీసిన కమాను వంకరగా ఉందని చెరిపించి మళ్లీ గీయించావు. నేను ఇంజినీరునైంది ఆ చెరిపిన గీత వల్లనే.

ఊరంతా అలా అనుకుంటే నాకు ఏమీ అనిపించేది కాదు. నువ్వు అనుకున్నావు. అడగను కూడా అడగలేదు.

ఆదివారం ఏమైందో తెలియదు. నువ్వు అన్న మాట వెనక్కి తీసుకోవడం మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. వంతెన మీద కారు వెనక్కి తీయడమూ చూడలేదు.

ఇంజినీరు


మే 6

మనవరాలికి,

ఈ కవరుతో పాటు వస్తున్న కట్టలో ఉపసంహరణ ఉంది. రైట్ రైట్ స్వయంగా తెచ్చి నీ చేతికిస్తాడు. సంతకాలు మొదటి అర్జీ కన్నా పదకొండు ఎక్కువ. అప్పుడు ఊళ్లో లేనివాళ్లు కూడా, "మేము పెట్టనిది ఎలా వెనక్కి తీసుకుంటాం?" అంటూనే పెట్టారు.

ఆదివారం సంగతి చెబుతాను. వినవలసినదానివి నువ్వు.

హాలు నిండిపోయింది. నేను బోర్డు దగ్గరికి వెళ్లి "వంతెన ఎత్తేస్తున్నాం" అని రాసి, కింద నాకు అర్థమైనది రాశాను, "కూల్చేస్తున్నాం" అని. దాని మీద ఎర్ర సుద్దముక్కతో పెద్ద ఇంటూ వేశాను. పక్కన "పైకెత్తుతున్నాం" అని రాసి రైట్ కొట్టాను. "ఈ తప్పు నాది. మీ చేత కూడా చేయించాను" అన్నాను.

అప్పుడు పంచరు కొట్టు ఆయన లేచి, "అమ్మగారూ, మీ చేతికి కూడా ఇంటూ పడుతుందని ముందే తెలిస్తే నేను బడి మానేసేవాణ్ణే కాదండీ" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. నేనూ నవ్వాను. నమ్మకపోతే రైట్ రైట్‌ని అడుగు.

తర్వాత రెండు ఇటుకల మీద పలక పెట్టి, మధ్యలో నా పాత స్కేలు దూర్చి, ఎత్తడమంటే ఏమిటో చూపించాను. ముందు వరసలో పిల్లలకి ముందు అర్థమైంది. పెద్దలకి కాస్త ఆలస్యమైంది. ఎప్పుడూ అంతే.

ఇటుకల లారీ ఆయన మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి నా కారుకి దారి వదిలిన కోపం ఇంకా తీరలేదు. "మొన్న వద్దన్నారు, ఇవాళ కావాలంటున్నారు. ఆ ఇంజినీరమ్మ మీ మనవరాలంట కదా? ఇంట్లో పిల్ల ఏడిస్తే ఊరు సంతకం పెట్టాలా?"

హాల్లో సగం తలలు నా వైపు తిరిగాయి. అంతవరకు ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, బంధుత్వం వాడుకున్నట్టు ఉంటుందని. ఇక దాచలేదు. "అవునయ్యా, నా మనవరాలే. మనవరాలు కనుకే తొందరపడి అనుమానించాను. ఇంజినీరు కనుక ఇప్పుడు నమ్ముతున్నాను. ఈ వంతెనని కూల్చాలని శాఖ రాసుకుంటే ఎనిమిది నెలలు తిరిగి ఆపింది ఆ పిల్ల. మా నాన్న దీన్ని ఒకసారి నిలబెట్టాడు. అది రెండోసారి నిలబెడుతోంది. నేను మాత్రం మధ్యలో అడ్డం పడ్డాను. నువ్వు నా మీద కోపంతో సంతకం ఆపితే, నీ లారీ రేపటి నుంచి పెద్దరోడ్డు చుట్టూ తిరిగి రావాలి. ఆలోచించుకో" అన్నాను.

ఆయన కొంచెంసేపు మీసం దువ్వుకున్నాడు. "సరేనండీ, పెడతా. కానీ ఒక షరతు. వచ్చేసారి ఎదురుపడితే మీరే వెనక్కి పోవాలి."

"అది వేరే అర్జీ పెట్టుకో" అన్నాను. పెట్టాడు సంతకం.

ఇంటికి వస్తుంటే దారి పొడుగునా జనం ఆపి, "మీ మనవరాలా అమ్మగారూ? ఎంత ఎత్తు లేపుతుంది? ఎన్ని జాకీలు?" అని అడిగారు. నాకు తెలిసినదీ తెలియనిదీ అన్నీ చెప్పాను. మామూలుగా పావుగంట నడక, గంట దాటింది. మోకాలు సంగతి గుర్తు రాలేదు.

ఇక నీ ప్రశ్న. రెండు అర్థాల్లో నీకు తగినది ఏదో నాకు తెలిసి ఉండాలి. నాలుగు రోజులు ఆలోచిస్తే ఒక్క జవాబు దొరికింది. నీకు ఆ వంతెన గురించి చెప్పినప్పుడల్లా "మా నాన్న వంతెన" అన్నాను. "నీది కూడా" అని ఒక్కసారీ అనలేదు. నీది కాని వస్తువుని నువ్వు ఏమైనా చేయగలవు అని నా బుర్ర అనుకుని ఉంటుంది. అది నీ లోపం కాదు. నేను పాఠం సగమే చెప్పాను.

మిగిలిన సగం ఇది: ఆ వంతెన నీది.

అర్జీకి జవాబుగా చీఫ్ ఇంజినీరుగారు మొన్న ఊరికి పంపిన ప్రకటనలో పని నీ పేరు మీద ఉంది. రైట్ రైట్ దాన్ని బస్సు అద్దానికి అంటించాడు. ఎక్కేవాళ్లంతా అది చదివాకే కూర్చుంటున్నారు. నేను కూడా అవసరం లేకపోయినా నిన్న ఒకసారి బస్సెక్కాను.

ఇక జరగవలసినవి:

1. కట్ట అందగానే పైఆఫీసులో ఇచ్చి, అందినట్టు కాగితం తీసుకో. నోటిమాట చాలదు. రాసినదానికి కూడా రెండో అర్థం ఉందేమో చూసుకో.

2. "బొటనవేలంత ఎత్తు" అన్నావు. ఎవరి బొటనవేలో రాయలేదు. మిల్లీమీటర్లలో రాసి పంపు. బడి పిల్లలు బోర్డు మీద గీస్తామంటున్నారు.

3. ఇకమీదట నీ మాట నాకు రెండు రకాలుగా అర్థమైతే, ముందు నీకు తగిన అర్థం తీసుకుంటాను. ఆ తర్వాతే ఒత్తులు చూస్తాను. ఇది నేను చేయవలసింది.

4. పని అయ్యాక స్తంభాల మీద ఎర్ర ఇంటూలన్నీ చెరిపించు. నడిమి స్తంభం మీద ఒక్క రైట్ గుర్తు నేను వేస్తాను. మీ సార్ అనుమతి ముందే తీసుకో, లేకపోతే అర్జీ రాస్తాను.

5. కన్నులాంటి ముడి ఫొటో పంపు. చిన్నప్పుడు ఆ చెక్క మీద కూర్చుని అన్నం తిన్నట్టు గుర్తు. అదో కాదో చూసి చెబుతాను.

6. దారి తెరిచే రోజు నువ్వు అవతలి వైపు నుంచి రా. నేను ఇవతలి వైపు నా కారులో ఉంటాను. హారన్ కొట్టు. నేను కొట్టను.

మీ అమ్మమ్మ